పుస్తక చరిత్ర సదస్సుకు ప్రపోజల్ రాయడం ఎలా? – ఒక పాత గైడు నేర్పిన పాఠం

వార్షికోత్సవానికి వచ్చిన ప్రతిసారీ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మమ్మల్ని అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. గ్రూప్స్‌కి ఏం చదవాలి, డీఎస్సీకి ఏ పుస్తకం మంచిది, యూనివర్సిటీ ఎంట్రన్స్ ఎలా రాయాలి అని అడుగుతారు. ఈ మధ్య మరో ప్రశ్న కూడా వస్తోంది. మన హాస్టల్ నుంచి వెళ్ళి పీజీలో, పీహెచ్.డి.లో చేరినవాళ్ళు ఫోన్ చేసి "అన్నా, సదస్సుకు పేపర్ పంపమంటున్నారు. ప్రపోజల్ అంటే ఏం రాయాలి?" అంటున్నారు. అలా అడిగినవాళ్ళలో చాలామంది చివరికి పంపకుండానే ఊరుకుంటున్నారు. "అది మనలాంటి వాళ్ళ పని కాదులే" అన్న భయమే దానికి కారణం.

ఈ వ్యాసం వాళ్ళ కోసం. మేం ముగ్గురం ఈ హాస్టల్లో ఉండి పదో తరగతి పాసైనవాళ్ళం. మాకు కాస్త పరిచయం ఉన్న రంగం పుస్తక చరిత్ర. ఆ రంగంలో మేం మొదటిసారి పంపిన ప్రపోజల్ తిరిగి వచ్చింది. రెండోసారి పంపిన దాన్ని తీసుకున్నారు. రెండింటికీ మధ్య తేడా ఎక్కడ వచ్చిందో చెబుతాం. చరిత్ర, తెలుగు, సోషియాలజీ, ఏ సబ్జెక్టు వాళ్ళకైనా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

పుస్తక చరిత్ర అంటే ఏమిటి?

పుస్తకంలో ఏముంది, ఎలా ఉంది అని చెప్పేది సాహిత్య విమర్శ. ఆ పుస్తకాన్ని ఎవరు అచ్చువేశారు, ఎన్ని కాపీలు వేశారు, ధర ఎంత పెట్టారు, ఎవరు మోసుకెళ్ళి అమ్మారు, ఎవరు కొన్నారు, కొనలేనివాళ్ళు ఎలా చదివారు, ఆఖరికి ఆ కాపీ ఏమైంది అని అడిగేది పుస్తక చరిత్ర.

అచ్చు పుస్తకం వచ్చాక యూరప్ ఎలా మారిందో వివరిస్తూ లూసియన్ ఫెవ్ర్, హెన్రీ జాన్ మార్టిన్ అనే ఫ్రెంచి చరిత్రకారులు రాసిన ఒక గ్రంథం 1958లో వెలువడింది. ఈ రంగానికి అది పునాది లాంటిది. 1982లో అమెరికన్ చరిత్రకారుడు రాబర్ట్ డార్న్‌టన్ ఒక వ్యాసంలో పుస్తకం తిరిగే దారిని గీసి చూపించాడు. రచయిత నుంచి ప్రచురణకర్తకు, అక్కడి నుంచి అచ్చు పనివాళ్ళకు, రవాణా చేసేవాళ్ళకు, పుస్తకాల అంగడికి, పాఠకుడికి, పాఠకుడి నుంచి మళ్ళీ రచయితకు. ఇది ఒక వలయం. 1993లో థామస్ ఆడమ్స్, నికొలస్ బార్కర్ ఆ బొమ్మను మార్చి గీశారు. మనుషుల కంటే పుస్తకాన్నే మధ్యలో పెట్టి ప్రచురణ, తయారీ, పంపిణీ, ఆదరణ, మనుగడ అనే ఐదు దశలు చూపించారు. అచ్చయిన కాపీల్లో ఏవి మిగిలాయి, ఏవి పోయాయి, ఎందుకు పోయాయి అన్నది కూడా చరిత్రేనని వాళ్ళు చెప్పిన మాట మనకు బాగా పనికొస్తుంది. మన ఇళ్ళల్లో పుస్తకాలు మిగలవు కదా!

ఈ రంగంలో అంతర్జాతీయంగా పెద్ద సంఘం షార్ప్. సొసైటీ ఫర్ ది హిస్టరీ ఆఫ్ ఆథర్‌షిప్, రీడింగ్ అండ్ పబ్లిషింగ్ అన్నది పూర్తి పేరు. 1991లో మొదలైంది. మొదటి సదస్సు 1993లో న్యూయార్క్‌లో జరిగింది. ఆ తర్వాత చాలా దేశాల్లో జరుగుతూ వచ్చింది. మన దేశంలో కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ రంగంలో ముందున్నారు. అభిజిత్ గుప్తా, స్వపన్ చక్రవర్తి సంపాదకత్వంలో 2004లో వచ్చిన 'ప్రింట్ ఏరియాస్' అనే ఇంగ్లీషు సంకలనం మన దేశపు పుస్తక చరిత్ర మీద మొదట చదవదగ్గది.

ప్రపోజల్ అంటే ఏమిటి?

సదస్సుకు కొన్ని నెలల ముందు నిర్వాహకులు ఒక ప్రకటన ఇస్తారు. అందులో ఆ ఏటి అంశం, చివరి తేదీ, పదాల పరిమితి ఉంటాయి. సాధారణంగా 250 నుంచి 300 పదాల సారాంశం, దానితోపాటు మన గురించి నాలుగైదు వాక్యాల పరిచయం అడుగుతారు. దీన్నే ప్రపోజల్ అంటారు, అబ్‌స్ట్రాక్ట్ అని కూడా అంటారు. పరిశీలకులు దాన్ని చదివి నిర్ణయిస్తారు. తీసుకుంటే అక్కడ మనం మాట్లాడేది మామూలుగా 20 నిమిషాలు. 20 నిమిషాల్లో నిదానంగా చదవగలిగేది ఎనిమిది, తొమ్మిది పేజీలే. ఈ లెక్క మొదటే గుర్తు పెట్టుకోవాలి. ఎనిమిది పేజీల్లో పట్టని విషయాన్ని ప్రపోజల్లో పెట్టకూడదు.

పరిశీలకుడి ముందు గుట్టగా ప్రపోజల్స్ ఉంటాయి. ఒక్కోదానికి అతను ఇచ్చే సమయం కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల్లో అతనికి నాలుగు జవాబులు దొరకాలి. ప్రశ్న ఏమిటి? ఏ ఆధారం చూసి చెబుతున్నారు? ఏం తేల్చారు? అది తెలిస్తే ఈ రంగంలో వాళ్ళకు కొత్తగా ఒరిగేదేమిటి?

మా మొదటి ప్రపోజల్ ఎందుకు తిరిగి వచ్చింది?

మా మొదటి ప్రపోజల్ పేరు "దళిత విద్యార్థులు – పుస్తక పఠనం: ఒక పరిశీలన". మొదటి పేరాలో వేల ఏళ్ళుగా మనకు చదువు లేకుండా చేసిన సంగతి రాశాం. రెండో పేరాలో కూలికి పోయే అమ్మానాన్నలు, దీపం కింద చదువు, హాస్టల్లో నీళ్ళ చారు గురించి రాశాం. మూడో పేరాలో అంబేడ్కర్ గారు పుస్తకాలను ఎంత ప్రేమించారో రాశాం. చివర్లో "ఈ విషయాలన్నిటినీ ఈ పత్రం సమగ్రంగా చర్చిస్తుంది" అని ముగించాం. రాస్తున్నప్పుడు మా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇది చదివి కాదనేవాడు ఉండడనుకున్నాం.

రెండు వాక్యాల జవాబు వచ్చింది. విషయం ముఖ్యమైనదే గానీ, మీరు అడుగుతున్న ప్రశ్న ఏమిటో, ఏ ఆధారాల మీద చెబుతారో తెలియలేదని దాని సారాంశం.

మాకు కోపం వచ్చింది. మనవాళ్ళమని తెలిసే పక్కన పెట్టారనుకున్నాం. అలాంటి కారణాలతో తలుపులు మూసే చోట్లు లేవని మేం చెప్పం. కానీ నెల రోజుల తర్వాత ఆ కాగితాన్ని మళ్ళీ చదువుకుంటే తప్పు మాకే కనిపించింది. అందులో రాసిన ప్రతి మాటా నిజమే. అయితే అందులో ఒక్క పుస్తకం కూడా లేదు. పుస్తక చరిత్ర సదస్సుకు పుస్తకం లేని ప్రపోజల్ పంపాం! మేం చెప్పింది మా కష్టం. వాళ్ళు అడిగింది మాకు తెలిసిన విషయం. కష్టం విన్నవాడు జాలి పడతాడు. ఆధారం చూసినవాడు మాత్రం మనతో వాదనకు దిగుతాడు, మన మాట లెక్కలోకి తీసుకుంటాడు. మనకు కావలసింది ఈ రెండోది.

ట్రంకు పెట్టెలో దొరికిన గైడు

మాలో ఒకరి ట్రంకు పెట్టె అడుగున పదో తరగతి సోషల్ గైడు ఒకటి దొరికింది. గైడు అంటే పీహెచ్.డి. గైడు గారు కాదు, ప్రశ్నలు జవాబులు ఉండే గైడే. అట్ట ఎప్పుడో పోయింది. దాని బదులు క్యాలెండర్ కాగితం అంటించి, బియ్యం సంచి దారంతో కుట్టారు. లోపలి మొదటి పేజీలో ఏడు పేర్లున్నాయి. ఒక్కో బ్యాచ్ వాళ్ళు పాత పేరు కొట్టేసి తమ పేరు రాసుకుంటూ వచ్చారు. ఏడో పేరు మా వాడిది. పేజీల పక్కన టిక్కులున్నాయి. కొన్ని ప్రశ్నలకు ఒక టిక్కు, కొన్నిటికి మూడు. కొన్నిచోట్ల "వెరీ ఇంపార్టెంట్" అని ఉంది. కొన్నిచోట్ల "సార్ చెప్పారు, ఇది రాదు" అని ఉంది. ఒక పాఠం మొత్తానికి అడ్డంగా గీత కొట్టేసి ఉంది.

ఆ ఏడేళ్ళూ ప్రతి పిల్లవాడికీ ప్రభుత్వం కొత్త టెక్స్టుబుక్కులు ఉచితంగానే ఇచ్చింది. అవి ఎవరివి వాళ్ళకే ఉండేవి. పరీక్షలు అయ్యాక చాలా వరకు తూకానికి పోయాయి. గైడు మాత్రం డబ్బు పెట్టి కొనాల్సిందే గనుక ఒక్క కాపీ ఏడు బ్యాచ్‌ల చేతులు మారింది. ఇక్కడే మాకు ప్రశ్న దొరికింది. కొత్త పుస్తకం ప్రతి ఒక్కరికీ అందుతున్న చోట, ఒక పాత పుస్తకం ఏడేళ్ళు ఎందుకు బతికింది? ముందువాడు పెట్టిన టిక్కు వెనకవాడి చదువును ఎలా నడిపించింది?

ఇంత చిన్న ప్రశ్న సరిపోతుందా అన్న అనుమానం వచ్చింది. సరిపోతుంది. డార్న్‌టన్ గీసిన వలయంలో పుస్తకం అంగడి నుంచి పాఠకుడికి వస్తుంది. మన గైడు విషయంలో అంగడి ఒక్కసారే వచ్చింది. తర్వాత ఆరుసార్లూ పాఠకుడి నుంచి పాఠకుడికే వెళ్ళింది. ఎన్ని కాపీలు అమ్ముడయ్యాయో చూసి ఎంతమంది చదివారో లెక్క కట్టేవాళ్ళకు ఈ ఒక్క గైడు అడ్డు నిలుస్తుంది. కొత్త మాట అంటే ఇదే.

తిరగరాసిన ప్రపోజల్

ఇంగ్లీషులో పంపిన దాని తెలుగు రూపం, కాస్త కుదించి, ఇక్కడ ఇస్తున్నాం.

"ఒక గైడు, ఏడుగురు పాఠకులు: ఒక సాంఘిక సంక్షేమ హాస్టల్లో పుస్తకం చేతులు మారిన తీరు. సంక్షేమ హాస్టళ్ళ రికార్డుల్లో పుస్తకం కనిపించేది పంపిణీ లెక్కగానే. ఎన్ని ఇచ్చారో ఉంటుంది, ఎలా చదివారో ఉండదు. ఈ పత్రం ఒక హాస్టల్లో ఏడు బ్యాచ్‌ల విద్యార్థులు వరుసగా వాడిన ఒకే ఒక్క పదో తరగతి సోషల్ గైడు కాపీని పరిశీలిస్తుంది. కాపీ మీద ఉన్న పేర్లు, టిక్కులు, రాతలు, అట్ట మరమ్మతు మా మొదటి ఆధారం. ఆ పాఠకుల్లో నలుగురితో జరిపిన సంభాషణలు రెండో ఆధారం. ఉచితంగా అందిన పాఠ్యపుస్తకంతో దీన్ని పోల్చి చూస్తాం. ముందు బ్యాచ్ పెట్టిన గుర్తులు వెనక బ్యాచ్ ఏది చదవాలో, ఏది వదలాలో నిర్ణయించాయని, ఇంట్లో చదువు చెప్పేవారు లేని పిల్లలకు ఆ గుర్తులే ట్యూషన్‌గా పనిచేశాయని మా వాదన. అదే సమయంలో ఒకసారి వదిలేసిన పాఠం ఆ తర్వాత ఎవరి చదువులోకీ రాలేదు. అమ్మకాల లెక్కలతో పాఠకులను అంచనా వేసే పద్ధతికి ఇలాంటి కాపీలు ఏం జోడిస్తాయో చర్చిస్తాం. ఇది ఒకే హాస్టల్, ఒకే పుస్తకం. అన్ని హాస్టళ్ళ గురించి తీర్పు కాదు."

దీన్ని మొదటి దానితో పోల్చి చూడండి. పేరులోనే వస్తువు ఉంది, సంఖ్య ఉంది, చోటు ఉంది. మొదటి రెండు వాక్యాల్లో ఇప్పటివరకు ఉన్న లోటు చెప్పాం. తర్వాత ఏం చూస్తామో, ఏ ఆధారంతో చూస్తామో చెప్పాం. ఆ తర్వాత ఏం తేల్చామో చెప్పాం. "చర్చిస్తాం, పరిశీలిస్తాం" అని ఊరుకుంటే సరిపోదు. "మా వాదన ఇది" అని ఒక్క వాక్యమైనా ఉండాలి. అది లేని ప్రపోజల్ పప్పు లేని సాంబారే. చివర్లో మన హద్దు మనమే చెప్పుకున్నాం. దానివల్ల బలం తగ్గదు. పరిశీలకుడు అడగబోయే ప్రశ్నకు ముందే జవాబు చెప్పినట్టవుతుంది.

ఇంకో సంగతి గమనించండి. ఇందులో పేదరికం అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. కానీ బియ్యం సంచి దారంతో కుట్టిన అట్ట గురించి సదస్సులో చెప్పినప్పుడు అందరికీ అర్థమైంది.

ఆధారాలు ఎక్కడ వెతకాలి?

మొదట పుస్తకాన్నే తిరగేయాలి. అచ్చయిన వివరాలుండే పేజీలో ప్రచురణ సంవత్సరం, ఎన్నో ముద్రణ, ప్రెస్సు పేరు, ఊరు, ధర ఉంటాయి. పాత పుస్తకాల్లో ఎన్ని ప్రతులు వేశారో కూడా వేసేవారు. గ్రంథాలయం ముద్రలు, బహుమతి రాతలు, ధర మీద అంటించిన చీటీలు, అన్నీ ఆధారాలే. స్కేలు పెట్టి కొలిచి, పేజీలు లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకోండి.

రెండోది ప్రభుత్వ పట్టికలు. 1867లో వచ్చిన ప్రెస్, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం కింద అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతులను ప్రభుత్వానికి ఇవ్వాల్సి ఉండేది. ఆ పుస్తకాల వివరాలను మూడు నెలలకోసారి గెజిట్‌లో ప్రకటించేవారు. పేరు, భాష, రచయిత, విషయం, అచ్చయిన ఊరు, ప్రెస్సు, పేజీలు, సైజు, ఎన్నో ముద్రణ, ఎన్ని కాపీలు, ధర, హక్కుదారు అన్నీ అందులో ఉంటాయి. మద్రాసు రాష్ట్రంలో అచ్చయిన తెలుగు పుస్తకాల మీద పనిచేసేవాళ్ళకు ఇవి గని లాంటివి. ఆ చట్టం స్థానంలో 2024 మార్చి నుంచి కొత్త చట్టం వచ్చినా పాత పట్టికల విలువ తగ్గలేదు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో అప్పట్లో ఉన్న తెలుగు పుస్తకాలకు ఎల్.డి. బార్నెట్ తయారుచేసిన జాబితా 1912లో వచ్చింది. అది కూడా చూడదగ్గది.

మూడోది గ్రంథాలయాలు. 1954 చట్టం ప్రకారం ప్రచురణకర్తలు తమ పుస్తకాలు పంపవలసిన గ్రంథాలయాల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయం, చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయం ఉన్నాయి. మన దగ్గర హైదరాబాదులో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం, హైదరాబాదు తార్నాకలో ఆర్కైవ్స్ ఉన్నాయి. వెళ్ళేముందు ఐడీ కార్డు, మీ డిపార్ట్‌మెంట్ నుంచి ఒక ఉత్తరం తీసుకెళ్ళండి.

అయితే ఒక మాట. పాటల పుస్తకాలు, సంఘాల కరపత్రాలు, సైక్లోస్టైల్ కాగితాలు, హాస్టల్ పత్రికలు ఈ పట్టికల్లో చాలా వరకు దొరకవు. మనవాళ్ళ పుస్తకాలు ఎక్కువగా ఇలాంటివే. పట్టికలో లేదు కాబట్టి పుస్తకమే లేదనుకోకూడదు. ఆ లేకపోవడం గురించి కూడా మంచి ప్రపోజల్ రాయవచ్చు. కానీ అప్పుడు కూడా ఒక్క కరపత్రమైనా చేతిలో ఉండాలి.

మనుషుల విషయంలో జాగ్రత్త

మన గైడు మీద ఉన్న ఏడు పేర్లూ బతికున్న మనుషులవి. అందులో ఒకతను పదో తరగతి పరీక్ష రాయకుండానే పనికి వెళ్ళిపోయాడు. అతణ్ణి వెతికి పట్టుకుని అడిగితే, "నా పేరు వేయొద్దు అన్నా. నేను చదివిన పుస్తకం అని మాత్రం చెప్పండి" అన్నాడు. ఆ మాట మేం పాటించాం. పేపర్లో ఎవరి పేరూ వాడలేదు. మొదటి పాఠకుడు, రెండో పాఠకుడు అని అంకెలే ఇచ్చాం. ఫోటోలో పేర్లు కనపడకుండా కప్పాం. మీరు ఎవరితో మాట్లాడినా ఎందుకు అడుగుతున్నారో ముందు చెప్పండి, ఒప్పుకుంటేనే రాయండి. ఇలా అనుమతి తీసుకున్నామని ప్రపోజల్లో ఒక్క ముక్క రాస్తే పరిశీలకులకు కూడా నమ్మకం కలుగుతుంది.

ఇంగ్లీషు గురించి

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. మేం పాటించిన పద్ధతి చెబుతాం. మొదట తెలుగులోనే, రూమ్మేటుకు చెప్పినట్టు రాసుకున్నాం. ప్రశ్న తేటగా వచ్చే దాకా ఇంగ్లీషు జోలికి పోలేదు. తర్వాత చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లీషు చేశాం. ఒక వాక్యంలో ఒకే సంగతి. పెద్ద పెద్ద సిద్ధాంతాల పేర్లు పేర్చలేదు. డార్న్‌టన్ పేరు ఒక్కసారి వచ్చింది, అదీ అతని వలయంతో మాకు పని ఉంది కాబట్టి. గైడు, హాస్టల్, బ్యాచ్ లాంటి మాటలు బయటివాళ్ళకు వేరే అర్థం ఇస్తాయి గనుక ఒక్కో ముక్కలో వివరించాం. తెలుగు పుస్తకం పేరు చెప్పినప్పుడు ఉన్నది ఉన్నట్టు రాసి, పక్కన దాని అర్థం రాయాలి. ఆఖరున ఇద్దరికి చూపించాం. ఒకరు ఇంగ్లీషు బాగా వచ్చినవారు, ఇంకొకరు ఈ విషయం అసలు తెలియనివారు. చదివాక "మేం ఏం చెబుతున్నాం?" అని రెండోవారిని అడిగాం. వారు ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే తిరగరాశాం. అలా నాలుగుసార్లు రాశాం.

మీ పరిచయంలో చిన్నతనపడకండి. ఏ విశ్వవిద్యాలయం, ఏం చదువుతున్నారు, దేని మీద పని చేస్తున్నారు అన్నది చాలు. అచ్చయిన వ్యాసాలు లేకపోతే లేవు. ఈ పుస్తకాన్ని వాడిన హాస్టల్లోనే చదివానని రాయవచ్చు. అది సానుభూతి కోసం కాదు, ఆధారం దగ్గరికి మీరెలా చేరగలిగారో చెప్పడానికి.

డబ్బు, మోసాలు

కొన్ని పెద్ద సంఘాలు పరిశోధక విద్యార్థులకు ప్రయాణ ఖర్చుల్లో సాయం చేస్తాయి. ప్రకటనలో ఆ వివరం ఉందేమో చూడండి. ప్రపోజల్ పంపేటప్పుడే సాయం కావాలని అడగాల్సి రావచ్చు. తర్వాత అడిగితే లాభం ఉండదు. మీ విశ్వవిద్యాలయంలోనూ అడగండి. ఆన్‌లైన్‌లో పేపర్ చదివే వీలుందా అని నిర్వాహకులకు ఉత్తరం రాయండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. పాస్‌పోర్టు లేనివాళ్ళు ప్రపోజల్ పంపిన వారమే దరఖాస్తు చేసుకోండి.

దొంగ సదస్సులు కూడా ఉన్నాయి. ప్రపంచంలోని సబ్జెక్టులన్నీ ఒకే సదస్సులో ఉంటే, పంపిన ఒకటి రెండు రోజుల్లోనే "మీ పత్రం అద్భుతం, ఫీజు కట్టండి" అని జవాబు వస్తే, కమిటీలో ఎవరున్నారో తెలియకపోతే దూరంగా ఉండండి. ఫీజు కట్టేముందు ఒక సీనియర్‌ని అడగండి. మన పిల్లలు స్కాలర్‌షిప్ డబ్బు ఇలాంటి చోట పోగొట్టుకున్న సందర్భాలు మాకు తెలుసు.

పంపేముందు ఒకసారి చూసుకోండి

1. పేరు చదవగానే ఏ పుస్తకం, ఎక్కడ, ఎప్పుడు అన్నది తెలుస్తోందా?
2. ప్రశ్న గుర్తుతో ముగిసే ఒక్క వాక్యంలో మీ ప్రశ్నను చెప్పగలరా?
3. ఆధారం ఇప్పటికే మీ చేతిలో ఉందా? "సేకరిస్తాం" అనే మాట ఎన్నిసార్లు వచ్చింది?
4. "మా వాదన ఇది" అన్న వాక్యం ఉందా?
5. సదస్సు అంశానికి మీ విషయం ఎలా కలుస్తుందో నిజాయితీగా చెప్పారా? కలవకపోతే బలవంతంగా అతికించకండి, మరో సదస్సు చూసుకోండి.
6. 20 నిమిషాల్లో పూర్తవుతుందా?
7. పదాల పరిమితి దాటలేదు కదా? చివరి తేదీ ఏ దేశపు సమయం ప్రకారం?
8. చివరి రోజు దాకా ఆగకుండా రెండు రోజుల ముందే పంపుతున్నారా?

ఇవన్నీ చేసినా తిరిగి రావచ్చు. అలా వస్తే వాళ్ళ జవాబును దాచుకోండి, చింపెయ్యకండి. మాకు దారి చూపించింది ఆ రెండు వాక్యాల జవాబే.

ఒక విన్నపం

పుస్తకాల చరిత్ర రాసేవాళ్ళు మిగిలిన పుస్తకాలను బట్టే రాస్తారు. జమీందార్ల బీరువాల్లో పుస్తకాలు మిగిలాయి. మన ట్రంకు పెట్టెల్లోవి తూకానికి పోయాయి. ప్రభుత్వ ఫైళ్ళలో మనం లబ్ధిదారుల సంఖ్యగా ఉన్నాం. పాఠకులుగా మాత్రం లేం. మనం చదివామని చెప్పే సాక్ష్యం ఆ టిక్కులు, ఆ కొట్టివేతలు, ఆ చివరి పేజీ రాతలే. వాటిని మనమే అమ్మేసుకుంటే తర్వాత ఎంత మంచి ప్రపోజల్ రాసినా చూపించడానికి ఏమీ ఉండదు.

కాబట్టి పూర్వ విద్యార్థులకు మా విన్నపం. వచ్చే వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు మీ ఇంట్లో ఉన్న పాత గైడు, చిరిగిన టెక్స్టుబుక్కు, పాటల పుస్తకం, పాత హాస్టల్ పత్రిక, ఏదైనా ఒకటి తీసుకురండి. అట్ట మార్చవద్దు, పేర్లు చెరపవద్దు. లైబ్రరీ గదిలో ఒక బీరువా వీటికి కేటాయించమని వార్డెన్ గారిని అడుగుదాం. ఏ పుస్తకం ఎవరిచ్చారో, ఏ బ్యాచ్‌దో ఒక రిజిస్టర్‌లో రాసి పెడదాం. ఇప్పుడు పైన డార్మిటరీలో చదువుకుంటున్న పిల్లల్లో ఎవరో ఒకరు రేపు ఆ బీరువా తెరిచి తమ ప్రశ్న తాము వెతుక్కుంటారు.

ఏడు పేర్ల గైడు ప్రస్తుతం మా దగ్గరే ఉంది. ఆ బీరువాలో మొదట పెట్టేది దాన్నే.